నాకు రాని పసిరికలు

పులివెందులలో నేను పనిచేసే ల్యాబులో పొద్దున్నే పరగడుపు రక్తాలు తీయాలి. రబ్బరు పట్టీ కట్టడానికి చెయ్యి చాపినప్పుడు నా కోటు చెయ్యి పైకి జరుగుతుంది. ఎడమ ముంజేతి మీద, లోపలివైపు, అడ్డంగా ఒకదాని కింద ఒకటి మచ్చలు కనపడతాయి. తోలు ముడుచుకుపోయి మెరుస్తుంటాయి. చూసినవాళ్ళు ఏమైందని అడగరు. మా వైపు అడగడం అనేది లేదు, చెప్పేయడమే.

"పసిరికలకు పెట్టించినారా మేడం?"

"అవునమ్మా."

"మంచోళ్ళే పెట్టినారు. బాగా పడినాయి."

అబ్బో, మంచోళ్ళే! పట్టీ బిగించి, సూది గుచ్చి, తర్వాతివాళ్ళను పిలుస్తాను.

పసిరికలంటే కామెర్లు. మా కడప పల్లెల్లో కామెర్లకు మందు కంటే ముందు వాత. ఇనుప కమ్మిని ఎర్రగా కాల్చి ముంజేతికి తాకిస్తే ఒంట్లో పసుపంతా దిగిపోతుందని నమ్మకం. దిగిపోదు. చాలా మందికి కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి, పేరు మాత్రం కమ్మికి వస్తుంది. డాక్టర్లు మొత్తుకుంటారు, నేనూ మొత్తుకుంటాను, అయినా వారానికొక పిల్ల పచ్చి పుండుతో మా ల్యాబుకు వస్తూనే ఉంటుంది. అందుకే మా దగ్గర ముంజేతి మీద కాలిన మచ్చ ఉంటే దానికి ఒకటే అర్థం. ఎవరు కాల్చినారు, ఎందుకు కాల్చినారు అని ఎవరికీ తోచదు.

నాకు పసిరికలు రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. నిజంగా వచ్చినాయా అని ఎవరైనా ఒక్కరు నన్ను అడుగుతారేమో అని చిన్నప్పటినుంచి కాచుకున్నాను. అడిగితే చాలు, చెప్పేద్దును. ఈ బతుక్కి నేను కోరుకున్నది అంతకంటే పెద్దదేం కాదు.

మా నాయన ప్రొద్దుటూరులో బంగారు పని చేసేవాడు. అంగళ్ళవాళ్ళు ఇచ్చే బంగారాన్ని ఇంట్లోనే కమ్మలుగా, ముక్కుపుడకలుగా చేసి ఇచ్చేవాడు. ముందు గదిలో కిటికీ కింద కుంపటి, ఊదుగొట్టం, పట్టకార్లు, ఆకురాళ్ళు. తాగడు. ఇట్లాంటి నాయనల సంగతి చెప్పేటప్పుడు మధ్యలో ఒక సీసా ఉంటే వినేవాళ్ళ మనసు కుదుటపడుతుంది, ఆ పాపం సీసా మీదికి పోతుంది. మా ఇంట్లో సీసా లేదు. పేకాట లేదు. గొంతు పెంచి ఒక మాట అనడు. వీధిలో అందరూ ఆయన్ను నోట్లో నాలుక లేని మనిషి అనేవాళ్ళు.

నన్ను బడిలో చేర్చేటప్పుడు అందరు నాయనలూ చెప్పే మాటే చెప్పాడు. "కండ్లు రెండూ మాకు వదిలిపెట్టండి సార్, మిగతాదంతా మీ ఇష్టం." సారు నవ్వాడు. ఆ సారు నన్ను ఒక్కరోజు కూడా కొట్టలేదు. మా నాయన మాత్రం ఆ ఒప్పందం తనకు తానే రాసుకున్నట్టుంది. కండ్లు వదిలిపెట్టాడు.

అప్పుడు నేను మూడో తరగతి. బడి లేని రోజుల్లో కుంపటి దగ్గర కూర్చుని బొగ్గులు ఊదడం నా పని. ఆయన కమ్మలకు ఆకురాయి పెట్టి గీస్తున్నాడు, ఒడిలో పరిచిన తోలు మీద బంగారు పొడి రాలుతోంది. నాకు తుమ్ము వచ్చింది. ఆపుకోవాలని ముక్కు పట్టుకున్నాను, ఆగలేదు. పొడి చెదిరి గచ్చు మీద పడింది.

ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు. కదలొద్దని చేత్తో సైగ చేశాడు. పొడి ఊడ్చే చిన్న కుచ్చె తీసుకొని, తడివేలు అద్దుకుంటూ, గచ్చు మీద ఒక్క రేణువు లేకుండా ఏరుకున్నాడు. నా గౌను మీద పడింది కూడా దులిపి తీసుకున్నాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, కానీ ఆ సేపంతా నాకు ఏమీ కాదనే అనుకున్నాను. పొడంతా గిన్నెలోకి చేరాక ఇనుప కమ్మి తీసి బొగ్గుల్లో పెట్టాడు.

"ఊదు," అన్నాడు.

ఊదాను.

"ఇంగా ఊదు."

ఏదో అతుకు పెడతాడనుకొని ఇంకా గట్టిగా ఊదాను. కమ్మి ఎర్రబడింది.

"చెయ్యి," అన్నాడు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. పట్టకారు అందించమంటున్నాడేమో అనుకొని పట్టకారు ఇచ్చాను. దాన్ని పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను వేసిన కేకకు పక్కింటి బూబమ్మ పరిగెత్తుకొచ్చి మా గడపలో నిలబడింది. బూబమ్మ మొగుడు కువైట్‌లో ఉండేవాడు, ఆమెకు మా ఇంటితోనే కాలక్షేపం. "ఏందొదినా, పాప అట్లా అరిచింది?" అని అడిగింది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. నా చెయ్యి చూసింది, కమ్మి చూసింది, మా నాయనను చూసింది. ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఏం లేదు బూబమ్మా. పాపకు పసిరికలు. వాత పెట్టినాడు."

మా నాయన తలెత్తి మా అమ్మను మెచ్చుకోలుగా చూశాడు. పెళ్ళయినాక ఆమెను అట్లా చూడటం అదే మొదలేమో, ఆమె మొహం కూడా వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను. కాలిన చేతికంటే అది ఎక్కువ గుర్తుంది నాకు.

అబద్ధం చెప్పినంత సులువు కాదు దాన్ని కాపాడుకోవడం. పసిరికలన్నాక పత్యం ఉండాలి కదా! ఉప్పు లేదు, కారం లేదు, నూనె చుక్క లేదు. మజ్జిగన్నం, మళ్ళీ మజ్జిగన్నం. బూబమ్మ రోజూ పొద్దున్నే నేల ఉసిరి ఆకు మెత్తగా నూరి గ్లాసులో తెచ్చి, నా తల నిమిరి, నోట్లో పోసేది. చేదంటే చేదు. "తాగమ్మీ, తాగు. నా తల్లి కదా," అనేది. ఆమెది మంచి మనసే. ఆ మంచి మనసును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా చెల్లికి అప్పుడు రెండేళ్ళు. నా దగ్గరికి వస్తే మా అమ్మ రెక్క పట్టుకొని లాగేసేది. "అక్కను తాకాకు. అంటుకుంటాది." పిల్ల దూరంగా గోడకు ఆనుకొని నన్నే చూస్తూ నిలబడేది. వేరే కంచం, వేరే చెంబు, వేరే చాప.

ఒకరోజు మా అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా అన్నాను. "అమ్మా, నాకు పసిరికలు ల్యావు గదా. కొంచెం పప్పు వెయ్యి."

"ఉండాయి," అంది. "నోరు మూసుకొని తిను."

కొన్నాళ్ళకు బూబమ్మ నా రెప్పలు పైకెత్తి చూసి చప్పట్లు కొట్టింది. "సూడొదినా, కండ్లు ఎట్లా తెల్లగైపాయనో! అన్న చెయ్యి శానా మంచిది." నా కండ్లు తెల్లగా లేనిదెప్పుడు? థూ! ఆ ఒక్క మాటతో మా నాయన వైద్యుడైపోయాడు.

మొదట బూబమ్మ తమ్ముడి కొడుకు వచ్చాడు. వాడికి నిజంగానే పసిరికలు, గోళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. "మీ పాపకు పెట్టినట్టే మావానికీ పెట్టన్నా," అని బతిమాలింది. మా నాయన కాదంటాడని నేను అనుకున్నాను. కాదంటే నా చెయ్యి సంగతి చెప్పాలి. కాసేపు గడ్డం గోక్కొని, "ఆదివారం పరగడుపున తీసుకరా. ఆకువక్క, టెంకాయ తెచ్చుకో. దుడ్లు మాత్రం వద్దు, తీసుకుంటే చెయ్యి పని చెయ్యదు," అన్నాడు. ఎవరు నేర్పించారో ఆయనకు ఆ మాటలు! నోట్లో నాలుక లేని మనిషి!

ఆ ఆదివారం కుంపటి ఊదింది నేనే. మా నాయన కమ్మి తీశాడు. ఎరుపు తగ్గేదాకా గాలిలో పట్టుకొని ఆగాడు. పిల్లవాడి మొహం అటు తిప్పించి, "అదో, ఆ పిచ్చుకను సూడు నాయనా," అని, వాడు చూసేలోపల కమ్మి ఇట్లా తాకించి అట్లా తీసేశాడు. వెంటనే వంగి ఆ చోట ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. వెన్న రాశాడు. "అయిపాయ నాయనా, అయిపాయ. ఏం కాలా," అంటూ వాడి వీపు నిమిరాడు.

నేను ఊదుగొట్టం పట్టుకొని చూస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా నేను ఏమనుకున్నానంటే, మా నాయనకు నొప్పి అంటే ఏందో తెలియదని. కాలితే మంట పుడుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదేమోనని. ఎనిమిదేళ్ళ పిల్ల బుర్ర అంతవరకే పోయింది. ఆ రోజు తెలిసింది, ఆయనకు అన్నీ తెలుసు. ఎంత కాలితే ఎంత మండుతుందో, ఎట్లా తాకిస్తే తక్కువ మండుతుందో, కాలినాక ఏం చెయ్యాలో బంగారం తూకమంత కచ్చితంగా తెలుసు. నా చేతికి ఆయన కమ్మిని నొక్కిపెట్టాడు.

ఆ పిల్లవాడికి తగ్గింది. ఇంక చూసుకోండి, ముద్దనూరు నుంచి వచ్చారు, కలమల్ల నుంచి కరెంటు ప్లాంటులో పనిచేసేవాళ్ళు బండ్ల మీద వచ్చారు. తగ్గినవాళ్ళు మళ్ళీ వచ్చి టెంకాయ ఇచ్చి కాళ్ళకు మొక్కి పోయేవాళ్ళు. తగ్గనివాళ్ళు మళ్ళీ రారు కదా, వాళ్ళ లెక్క ఎవరికి తెలుసు. ఆదివారం పొద్దున మా ముందు గది నిండిపోయేది. మా అమ్మ అందరికీ కాఫీ ఇచ్చేది. నన్ను పిలిపించేవాళ్ళు, నేనే కదా రుజువు. "చెయ్యి సూపీ తల్లీ," అనేవాడు మా నాయన. జనం ముందు నన్ను తల్లీ అనేవాడు.

మిగతా రోజుల్లో నాకు పసిరికలు తిరగబెడుతూ ఉండేవి. చెంబు కింద పడేస్తే తిరగబెట్టేవి. ఆయన పిలిచినప్పుడు వెంటనే పలక్కపోతే తిరగబెట్టేవి. ఒకసారి నేను ఏం చేశానో ఇప్పటికీ తెలియదు, అద్దంలో చూసుకొని జడ వేసుకుంటున్నాను. ప్రతిసారీ మా అమ్మ ముందుగానే తలుపు దగ్గరికి పోయి వీధికి వినపడేట్టు చెప్పేది, "మళ్ళా వచ్చినాయమ్మా పాడు పసిరికలు, ఈ బిడ్డను వదలకుండా ఉండాయి" అని. ఆ తర్వాత మజ్జిగన్నం.

ఆరో తరగతిలో ఉండగా ఒక ఆదివారం జమ్మలమడుగు నుంచి ఒకామె కూతుర్ని తీసుకొచ్చింది. పిల్లకు ఏడేళ్ళుంటాయి. పచ్చటి కండ్లు, ఎండిపోయిన పెదాలు. గది నిండా జనం. మా నాయన నన్ను పిలిచి, "చెయ్యి సూపీ తల్లీ," అన్నాడు. చూపించాను. ఆ పిల్ల నా చెయ్యి చూసి, నా మొహం చూసి, "నొప్పి పెడతాదా అక్కా?" అని అడిగింది.

అది నేను కాచుకున్న ప్రశ్న కాదు, కానీ దాని పక్కింటిది. నాకు గొంతు తెరుచుకుంది.

"నాకు పసిరికలు రాలేదు," అన్నాను గట్టిగా. "నేను తుమ్మినానని మా నాయన కాల్చినాడు. ఇది చెంబు పడేసినందుకు. ఇది ఊరికే."

కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది. జమ్మలమడుగు ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది. బూబమ్మ మా నాయన వైపు చూసింది. చెప్పేశాను, ఇంక అయిపోయింది, వీళ్ళంతా లేచి నన్ను తీసుకొని పోతారు అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను, ఏ ఇంటికి తీసుకుపోతారా అని కూడా ఆలోచించాను.

మా నాయన నవ్వాడు. మెల్లగా, బాధగా నవ్వాడు.

"పచ్చకామెర్లోనికి లోకమంతా పచ్చగా కనపడతాదంట. పెద్దోల్లు ఊరికే అన్లేదప్పా. తలకెక్కినట్టుండాది ఈసారి."

అంతే. గదిలో అందరికీ ఊపిరి ఆడింది. అయ్యో పాపం అని నాలుకలు చప్పరించారు. "ముదిరితే ఇట్లనే మాట్లాడతారు, మా పెదనాయన గూడా ఇట్లనే," అన్నాడొకడు. "కన్నబిడ్డకు ఎన్నిసార్లని పెడతాడప్పా, ఆ గుండె ఎట్లా తట్టుకుంటాదో," అంది ఒక ముసలామె. ముందు నాకే పెట్టమన్నారు, జనమే పెట్టమన్నారు. ఎవరో కుంపటి ఊదారు. బూబమ్మ నా కాళ్ళు పట్టుకుంది. "ఒక్క నిమిషమమ్మీ, కండ్లు మూసుకో," అంటూ ఏడ్చింది కూడా. ముసలామె నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. నా చుట్టూ ఉన్నవన్నీ మంచి చేతులే. ఆ మంచి చేతుల మధ్య నన్ను కాల్చాడు.

ఆ రోజు జనం చూస్తున్నారు కాబట్టి మా నాయన వంగి నా పుండు మీద కూడా ఊదాడు. చల్లగా ఉండింది. చీ, నాకు అది చల్లగా ఉండకూడదు. కానీ ఉండింది, ఇంకొంచెంసేపు ఊదితే బాగుండనిపించింది. నన్ను కాల్చినందుకు ఆయన్ను ఎప్పుడైనా క్షమిస్తానేమో, ఆ చల్లదనానికి మాత్రం క్షమించను. నా తర్వాత ఆ జమ్మలమడుగు పిల్ల తల్లి తన కూతురి చెయ్యి తీసి మా నాయన చేతిలో పెట్టింది.

ఆ పుండు చీము పట్టింది. జ్వరం దిగలేదు. ప్రొద్దుటూరు ఆస్పత్రుల్లో మా నాయన చేసిన ముక్కుపుడక పెట్టుకోని నర్సు లేదు, అందుకని మా అమ్మ నన్ను బస్సెక్కించి జమ్మలమడుగు తీసుకుపోయింది. అక్కడ ఒక ఆస్పత్రి, దాని వెనక ఆడపిల్లల హాస్టలు. పెద్ద వయసు క్రైస్తవ నర్సు ఒకామె, అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు, నా కట్టు విప్పింది. కొత్త పుండు కడిగింది. పాత మచ్చలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసింది. "ఇన్నిసార్లు పసిరికలా?" అని మా అమ్మను అడిగింది. "దీనికి వస్తానే ఉంటాయి సిస్టరమ్మా," అంది మా అమ్మ. రక్తం తీయించారు. సాయంత్రం వరండాలో ఆమె డాక్టరుతో అంటుంటే విన్నాను, కామెర్ల ఛాయ కూడా లేదని.

ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను. మా అమ్మ బయటికి పోయిన సమయం చూసి ఆమె వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"నేను నిన్నేం అడగను," అంది. "అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను కేసు రాయల్ల. రాస్తే పోలీసోళ్ళొస్తారు, పెద్దమనుషులొస్తారు, మీ నాయన నలుగుర్లో కండ్లనీళ్ళు పెట్టుకుంటాడు, పొద్దుగూకేలోపల నిన్ను ఆయన చేతుల్లోనే పెడతారు. శానామందిని చూసినా నేను. నోరు తెరవాకు. నీకు పసిరికలే. అర్థమాయనా?"

"సరే," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె దాన్ని భయం అనుకుంది.

మూడో రోజు కాబోలు, మా నాయన అరటిపండ్లు పట్టుకొని వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. "పాపను తీసుకపోతా సిస్టరమ్మా," అన్నాడు వినయంగా.

"తీసుకపోండి," అంది ఆమె. "పసిరికలు శానా ముదిరినాయి. ఇంట్లో చిన్నపాప ఉండాదంట కదా, అంటుకుంటాయి. ల్యాకుంటే ఈడనే హాస్టల్లో పెట్టి మందులిస్తాం. ఈడ బడికి కూడా పోవచ్చు." నా కట్టు సర్దుతూ అంది, "పసిరికలు లేవంటే మాత్రం వేరే సంగతి. అప్పుడు ఈ కాలినవన్నీ ఏందని నేను రాయల్సొస్తాది."

మా నాయన అరటిపండ్లు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పసిరికలు లేవని చెప్పలేడు. ఉన్నాయంటే నన్ను వదిలిపోవాలి. ఆయన మొహంలో దారి వెతుక్కోవడం నాకు కనపడింది. ఆయన కంటే ముందు మా అమ్మ మాట్లాడింది.

"శానా ముదిరినాయి సిస్టరమ్మా. ఈడనే పెట్టుకోండి."

ఆయన ఆమె వైపు చూశాడు, ఈసారి మెచ్చుకోలు లేదు. అరటిపండ్లు మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. మా అమ్మ ఆయన వెనకాలే పోయింది. ఆ ఒక్క మాట పట్టుకొని నేను మా అమ్మను చాలా ఏళ్ళు వెనకేసుకొచ్చాను. తెలిసే అనిందని, నన్ను బతికించడానికే అనిందని, ఇంటికి పోయాక దానికి తగ్గ ఫలితం కూడా పడి ఉంటుందని.

అట్లా రాని రోగానికి మందు తింటూ నేను జమ్మలమడుగులో చదువుకున్నాను. సిస్టరమ్మ ఇచ్చిన మాత్రలు బలానికి వేసుకునేవి. హాస్టల్లో పప్పులో ఉప్పుండేది, పోపుండేది. ఇంట్లో తినడానికే సెలవు రోజుల కోసం ఎదురుచూసే పిల్లల మధ్య నేను ఒక్కదాన్నే సెలవులు రాకూడదని మొక్కుకునేదాన్ని.

మరుసటి ఏడు మా అమ్మ బొరుగుల ఉండలు చేసుకొని నన్ను చూడటానికి వచ్చింది. డబ్బా మూత తీస్తూ, ఎండలు ముదిరినాయి అన్నట్టుగా చెప్పింది.

"చెల్లికి పసిరికలొచ్చినాయి."

డబ్బా ఎగిరిపోయింది. నేనే కొట్టాను. ఉండలన్నీ వరండాలో దొర్లాయి. మా అమ్మ భుజాలు పట్టుకొని కుదిపేశాను, రాక్షసీ అన్నాను, నోటికొచ్చినవన్నీ అన్నాను. "నెమ్మదిగా, నెమ్మదిగా. పసిరికలే మే," అంటూ ఆమె వంగి ఉండలు ఏరుకుంది. సిస్టరమ్మ చెల్లిని కూడా తీసుకురమ్మని కబురు మీద కబురు పంపింది. మా నాయన తెలివి తెచ్చుకున్నాడు. ఆస్పత్రికి తీసుకుపోతే బిడ్డల్ని ఉంచేసుకుంటారని వీధంతా చెప్పి, చెల్లిని ఊరు దాటనివ్వలేదు.

నేను ల్యాబు కోర్సు చేసి పులివెందుల వచ్చాను. చెల్లికి ప్రొద్దుటూరులోనే పెళ్ళి చేశారు. మా ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు. ఫోను చేస్తే ఊఁ, ఆఁ. నన్ను చూస్తే దానికి ఏదో కోపం. ఎందుకో నేను అడగలేదు, అది చెప్పలేదు.

ఈ ఏడు మా నాయన పోయాడు. నిద్రలోనే పోయాడు, ఏ నొప్పీ లేకుండా. పెద్దదినానికి, అదే పెద్దకర్మకు, పోయాను. మా అమ్మ ఒక్కతే అన్నీ చూసుకోవడం కష్టం అనుకున్నానే గాని, అసలు ఎందుకు పోయానో నాకే తెలియదు. షామియానా కింద కుర్చీలు నిండిపోయాయి. నేను ఎన్నడూ చూడని మొగవాళ్ళు, ఆడవాళ్ళు చొక్కా చేతులు మడిచి, గాజులు పైకి తోసుకొని ఒకరికొకరు ముంజేతులు చూపించుకుంటున్నారు. "ఆయప్ప పెట్టిందే ఇది. పానం పోసినాడు." "మా ఇంట్లో ముగ్గురికి." అందరి మచ్చలూ సన్నగా, పైపైన, చక్కగా ఉన్నాయి. "కూతుర్లవి సూడండప్పా, అప్పుడు ఎంత ముదిరిండెనో," అన్నాడొక ముద్దనూరు ఆయన. మా చెల్లి లేచి చెయ్యి చూపించింది. దాని చెయ్యి నేను పెద్దయ్యాక అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నా చేతికంటే ఎక్కువ మచ్చలు ఉన్నాయి. లేచి పెరట్లోకి పోయాను.

చెల్లి నా వెనకాలే వచ్చింది. కొళాయి దగ్గర కూర్చొని గంగాళాలు తోముతున్నాను, చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా. అది ఎదురుగా గొంతుక్కూర్చొని పీచు అందుకుంది. తోముతూ, తలెత్తకుండా అడిగింది.

"అక్కా, నీకు నిజంగానే వచ్చిండెనా పసిరికలు?"

నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళు కాచుకున్న ప్రశ్నకు ఎంత జవాబు కూడబెట్టుకున్నానో!

"లేదు మే," అన్నాను.

దాని చెయ్యి ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, పీచు గంగాళంలో పడేసింది.

"నాకు గూడా రాల్యా," అంది. "నీకు రోగముండె గాబట్టి పెట్టినాడు, నన్ను మాత్రం ఏ రోగం లేకున్యా కాల్చినాడు అనుకుంటినక్కా. నేనంటేనే పడదనుకుంటి. నీకైతే ఆస్పత్రిలో పెట్టి మందులిప్పించినారు, నాకు కాల్చుడొక్కటే అనుకుంటి. నిన్ను తలుచుకుంటే మండేది నాకు. ఇన్నేండ్లూ."

కాల్చినాడు అంది. వాత అనలేదు. నేను దాని తడి చెయ్యి పట్టుకున్నాను, అది నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం చిన్నపిల్లల్లాగా వెక్కివెక్కి ఏడ్చాం. ఆ ఏడుపుకు మా అమ్మ పెరటి తలుపు దగ్గరికి వచ్చింది. లోపల జనమున్నారు, నెమ్మది అని వేలు చూపించింది.

చెల్లి కండ్లు తుడుచుకొని నిలబడింది. "అమ్మా," అంది, "ఇప్పుడాయన లేడు. ఇప్పుడన్నా చెప్పు. మాకు పసిరికలు ఎప్పుడొచ్చినాయి?"

మా అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. భయం లేదు ఆ మొహంలో. ఎవరికి భయపడాలి ఇంక?

"వచ్చినాయి," అంది. "ఇద్దరికీ వచ్చినాయి. కన్నతల్లిని, నాకు తెలీదా?"

కడిగిన కాఫీ గ్లాసులు తీసుకొని లోపలికి పోయింది.